పర్యాయపదాలు బట్టీ పట్టినా ఇంగ్లీషులో తప్పు మాట ఎందుకు పడుతోంది?

బెంగళూరులో ఉద్యోగంలో చేరాక పదాల జాబితాలు ఎన్ని బట్టీ పట్టినా మెయిల్‌లో తప్పు మాట ఎందుకు పడుతోందని అడిగారు. పర్యాయపదాలంటే అచ్చంగా ఒకటే అర్థం అనుకోవడం దగ్గరే చిక్కు. ‘ఫ్రూగల్’, ‘స్టింజీ’ రెండూ చెయ్యి బిగించి ఖర్చుపెట్టేవాళ్ల గురించే. కానీ మొదటిది పొదుపరి అనే మెచ్చుకోలు, రెండోది పిసినారి అనే తిట్టు. వ్యతిరేకపదం చూస్తే తేడా తేలిపోతుంది: మొదటిదానికి దుబారా చేసే ‘ఎక్స్‌ట్రావగెంట్’, రెండోదానికి చెయ్యి ధారాళమైన ‘జెనరస్’. అందుకే ప్రతి మాటకూ ఒక పర్యాయపదం, ఒక వ్యతిరేకపదం, మీ ఆఫీసు పనికి సంబంధించిన ఒక సొంత వాక్యం రాసుకోండి.

వైట్‌ఫీల్డ్ మెట్రోలో వెళ్తూ ఒక సంపాదకీయం చదవండి. తెలియని మాట రాగానే నిఘంటువు తెరవొద్దు. పక్కన ‘బట్’, ‘ఆల్దో’ ఉంటే వ్యతిరేకార్థం, ‘దటీజ్’ ఉంటే అదే అర్థం దగ్గర్లోనే దొరుకుతుంది. ఊహించాకే సరిచూడండి. రోజుకు 5 మాటలు చాలు. మర్నాడు, 3వ రోజు, 7వ రోజు అర్థం మూసేసి కొత్త వాక్యం రాయండి.

ముందు ‘ఇన్’ ఉన్నదల్లా వ్యతిరేకపదం కాదు: ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే వెలకట్టలేనంత విలువైనది, ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే ఇట్టే అంటుకునేది.