అడగండి చెబుతాం: లైబ్రరీ మీద వ్యాసాల పోటీ పెడుతున్నారా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఊరండీ, హైస్కూల్లో తెలుగు చెప్తాను. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, మా ఊరి లైబ్రరీ వాళ్ళతో కలిసి పిల్లలకి వ్యాసరచన పోటీ పెడుతున్నాం. పోయినేడు "గ్రంథాలయాల ప్రాముఖ్యత" అని ఇస్తే అందరూ ఒకే వ్యాసం రాసినట్టుంది, ఎవరికి ఫస్ట్ ఇవ్వాలో అర్థం కాలేదు. ఈసారి ఎలా చేస్తే బాగుంటుంది?

జవాబు: టీచర్ గారూ, తప్పు పిల్లలది కాదండీ, టాపిక్‌ది. నేనూ ఒకసారి ఇలాంటి పోటీకి జడ్జిగా వెళ్ళి ఇరుక్కుపోయా, కట్ట విప్పితే ప్రతి పేపరూ "గ్రంథాలయాలు విజ్ఞాన భాండాగారాలు" అనే మొదలు, సగం మంది ఆ భాండాగారం దగ్గర ఒత్తు కూడా తప్పు రాశారు, అంటే గైడ్ బట్టీ కొట్టారు గానీ లైబ్రరీ గడప తొక్కలేదన్నమాట. ఆ కట్టలో ఒక్క ఎనిమిదో క్లాసు అమ్మాయి మాత్రం, పొద్దున్నే ఒక తాతగారు పేపర్ మొత్తం తన దగ్గరే పెట్టుకుని కూర్చుంటారని, మధ్య పేజీ ఇవ్వమని అడగడానికి భయమేసి ఆయన కళ్ళజోడు తుడుచుకునేదాకా చూసి లాగేసుకుంటానని రాసింది, అక్షర దోషాలు బోలెడు, అయినా ఫస్ట్ ఇచ్చేశాం. ఓ మాస్టారు దస్తూరి బాలేదని గొణిగారనుకోండి.

అందుకని లైబ్రరీకి వెళ్ళకుండా రాయలేని ప్రశ్న ఇవ్వండి. మీది తెనాలి అంటున్నారు కాబట్టి మీకు బంగారం లాంటి టాపిక్ ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద లైబ్రరీ నడిపారు, పడవ రేవులో ఆగేది, జనం పుస్తకాలు తీసుకునేవాళ్ళు. "ఆ పడవ ఇవాళ మన రేవుకొస్తే నువ్వు ఏ పుస్తకం అడుగుతావు, ఎందుకు?" అని అడగండి. పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు, అందులో నచ్చిన ఒక ముక్క ఉండాలి, ఆ పుస్తకం మీ లైబ్రరీ బీరువాలోది అయ్యుండాలి. అప్పుడు గైడూ పనికిరాదు, ఫోన్లో దించుకున్నదీ పనికిరాదు. ఇంట్లో పెద్దవాళ్ళని కాలవ గురించి అడిగి రాస్తే ఇంకా మంచిది.

పోటీకి వారం పది రోజుల ముందే టాపిక్ చెప్పేయండి, దాచిపెట్టి అప్పటికప్పుడు బోర్డు మీద రాస్తే మళ్ళీ భాండాగారమే వస్తుంది. మీ లైబ్రేరియన్ గారిని కూడా అడగండి, చాలా చోట్ల మధ్యాహ్నం మూసేసి సాయంత్రం మళ్ళీ తీస్తారు కదా, స్కూల్ వదిలే టైముకి కలుస్తుందో లేదో చూసుకోండి, లేకపోతే పిల్లలు వెళ్ళి తాళం చూసి వచ్చేస్తారు. రాసేది మాత్రం అక్కడే, గంట టైమిచ్చి, నోట్సు చూసుకోనివ్వండి, ఇంటి దగ్గర రాసి తెమ్మంటే అమ్మానాన్నల వ్యాసాలు వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది ఒక గ్రూపు, తొమ్మిది పది ఇంకో గ్రూపు. పేపర్ల మీద పేరు బదులు నంబర్ వేయించండి, చిన్న ఊళ్ళో అందరూ చుట్టాలే, తర్వాత గొడవ. తప్పులకి మార్కులు తీయకండి, కనీసం మొదటి రౌండ్లో.

బహుమతి అంటారా, ఆ ప్లాస్టిక్ కప్పులు మాత్రం వద్దు, ప్లీజ్. పుస్తకం ఇవ్వండి, దాంతోపాటు లైబ్రరీ మెంబర్‌షిప్ డబ్బులు మీరే కట్టేయండి, అది గెలిచినవాళ్ళకే కాకుండా రాసిన అందరికీ ఇవ్వగలిగితే మరీ మంచిది. గెలిచిన వ్యాసం ముగింపు సభలో ఆ పిల్లో పిల్లాడో స్వయంగా చదవాలి, అదీ అతిథుల ఉపన్యాసాలకి ముందు, ఎందుకంటే వాటి తర్వాత హాల్లో ఎవరూ మిగలరు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ఇలాంటిదే పెడదామనుకున్నాం సార్, కానీ మావాళ్ళకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. ఇంగ్లీషులో రాయించమంటారా?

జవాబు: రాయించకండి, చెప్పించండి. మూడు నిమిషాలు తెలుగులో చెప్పమనండి, ఎవరైనా పెద్దవాళ్ళు రాసిపెడతారు, ఆ కాగితం వాళ్ళ చేతికిచ్చి కిందున్న నాలుగు లైన్లు చూసి రాయమంటే చాలు. ముందుగా ఓ ఆదివారం పిల్లల్ని సుల్తాన్ బజార్ తీసుకెళ్ళి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం చూపించండి, అది తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని బయల్దేరండి. అది 1901లో పెట్టిన లైబ్రరీ, నిజాం రోజుల్లో ఆఫీసుల్లో, చదువుల్లో ఉర్దూయే నడిచే కాలంలో తెలుగు పుస్తకాల కోసం మనవాళ్ళు కట్టుకున్నది. తిరిగొచ్చాక "నువ్వక్కడ చూసిన ఒక వస్తువు గురించి చెప్పు" అని అడగండి, బిల్డింగ్ గురించి కాదు, ఒక్క వస్తువు, కుర్చీ అయినా సరే. పార్కింగ్ కష్టం, మెట్రోలో వెళ్ళండి.