కంప్యూటర్ బాగున్నప్పుడే రెస్క్యూ పెన్‌డ్రైవ్ చేసిపెట్టుకో

చిరంజీవి శ్రీనుకు, బాబాయి ఆశీస్సులు.

విండోస్ లేవనప్పుడు లోపలి ఫైళ్లు ఎలా బయటికి తీయాలని అడిగావు. ఆ పనికి కావలసిన బూటబుల్ పెన్‌డ్రైవ్‌ని (విండోస్ అవసరం లేకుండా కంప్యూటర్‌ని లేపగలిగేదాన్ని) మెషీన్ చక్కగా నడుస్తున్న ఈ రోజుల్లోనే తయారు చేసుకో. డిస్క్ మొరాయించాక చేయాలంటే ఐఎస్ఓ (మొత్తం సిస్టమ్‌ని ఒకే ఫైలుగా చేసినది) దించుకోవడానికి ఇంకో కంప్యూటర్ వెతుక్కోవాలి. అది దొరక్క చాలామంది చెడిన డిస్క్‌లోని విండోస్‌నే మళ్లీ మళ్లీ ఆన్ చేస్తుంటారు. విండోస్ లేచిన ప్రతిసారీ ఆ డిస్క్ మీద లాగ్‌లు, టెంప్ ఫైళ్లు రాస్తూనే ఉంటుంది. డిలీటైన ఫైలు ఉన్న చోట అవి పడ్డాయంటే ఇక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తేలేదు.

16 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు తీసుకో. మొదటిదాంట్లో వెంటాయ్ (పెన్‌డ్రైవ్‌లోని ఐఎస్ఓల నుంచి నేరుగా బూట్ చేయించే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చెయ్యి. అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి ముందే ఖాళీ చేసుకో. తర్వాత సిస్టమ్‌రెస్క్యూ అనే రిపేర్ పనుల లినక్స్ ఐఎస్ఓని మామూలు ఫైలులాగే అందులోకి కాపీ చేస్తే చాలు. వెంటాయ్ లేని పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్ఓని ఇలా కాపీ చేస్తే మాత్రం బూట్ అవదు. రెండోదాంట్లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఉబుంటు డెస్క్‌టాప్ అనే లినక్స్ రాయి. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్నా ఉబుంటు లేస్తుంది. సిస్టమ్‌రెస్క్యూకి దాన్ని ఆఫ్ చేయాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉన్న ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ మారిస్తే, విండోస్ మళ్లీ లేచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే డిస్క్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఒక్క ఫైలూ రాదు. ముందు ఆ కీని కాగితం మీద రాసుకుని, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా వేరేచోట పెట్టు. ఆ తర్వాతే బయోస్ (సెక్యూర్ బూట్ లాంటి సెట్టింగులుండే చోటు) జోలికి వెళ్లు.

ఐఎస్ఓ దిగగానే షా256 (ఫైలు సరిగ్గా దిగిందో లేదో తేల్చే వేలిముద్ర లాంటిది) చూడు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్ ఇచ్చే 64 అక్షరాల వరస, డౌన్‌లోడ్ పేజీలో ఉన్నదీ ఒకటే అవ్వాలి. సగం దిగిన ఐఎస్ఓ మెనూ దాకా వచ్చి మధ్యలో ఆగిపోతుంది, నువ్వేమో మెషీన్‌ని అనుమానిస్తావు.

పెన్‌డ్రైవ్ తయారైన రోజే ఒకసారి బూట్ చేసి చూడు. బూట్ మెనూ కీ కొన్నిటికి ఎఫ్12, కొన్నిటికి ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. నీ మెషీన్‌దేదో తెలుసుకుని పెన్‌డ్రైవ్ మీదే చీటీ అంటించు. మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్ని ఎంచుకో. లేచాక టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బ్లాక్ (డిస్క్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టి లోపలి డిస్క్ కనిపిస్తోందో లేదో చూడు. 1 టీబీ డిస్క్ అక్కడ 931.5 జీ అని కనిపిస్తుంది, లెక్కించే పద్ధతి వేరంతే, కంగారుపడకు. అసలేమీ కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ రెయిడ్ మోడ్‌లో (డిస్క్‌లను కలిపి నడిపే పద్ధతిలో) ఉందేమో చూడు, అలా ఉంటే లినక్స్‌కి డిస్క్ కనిపించకపోవచ్చు. ఈ సంగతి ఇప్పుడే తెలిస్తే తీరిగ్గా దారి వెతుక్కోవచ్చు.

ఇక నిజంగా అవసరం పడిన రోజు. డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే వెంటనే పవర్ తీసెయ్. అది ల్యాబ్ వాళ్ల పని, పెన్‌డ్రైవ్‌తో అయ్యేది కాదు. శబ్దం లేకపోతే స్మార్ట్‌సీటీఎల్ (డిస్క్ ఆరోగ్యం చెప్పే కమాండ్)తో చూడు. అందులో కరెంట్ పెండింగ్ సెక్టార్ అంకె సున్నా కాకపోతే చదవడానికి లొంగని సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న చిన్న భాగాలు) ఉన్నాయన్నమాట. అలాంటి డిస్క్ మీద చెక్‌డిస్క్ నడపొద్దు. అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే పేరుతో అదే డిస్క్ మీద రాస్తుంది.

ముందు డిస్క్ మొత్తానికీ డీడీరెస్క్యూ అనే కమాండ్‌తో ఇమేజ్ (డిస్క్ అంతటికీ ఒకే ఫైలుగా నకలు) తీయి. 1 టీబీ డిస్క్ ఇమేజ్ ఫార్మాట్ చేసిన ఇంకో 1 టీబీ డిస్క్‌లో పట్టదు, 2 టీబీది తెచ్చుకో. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండకూడదు, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. కమాండ్‌లో మొదట చెడిన డిస్క్, తర్వాత ఇమేజ్ ఫైలు, చివర మ్యాప్ ఫైలు (ఎంతవరకు చదివిందో రాసుకునేది). మొదటి దఫా మైనస్ ఎన్ ఆప్షన్ ఇవ్వు, మొండి సెక్టార్ల దగ్గర ఎక్కువసేపు పోరాడకుండా సులువుగా వచ్చేదంతా తెచ్చేస్తుంది. రెండో దఫా మైనస్ డి, మైనస్ ఆర్ 3 ఇస్తే మిగిలినవాటి మీద పట్టుబడుతుంది. మ్యాప్ ఫైలు కూడా ఇమేజ్ ఉన్న డిస్క్‌లోనే ఉండాలి. పెన్‌డ్రైవ్ నుంచి లేచిన సిస్టమ్ హోమ్ ఫోల్డర్‌లో పెడితే అది ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే ఎక్కడిదాకా వచ్చావో ఆ లెక్కంతా పోతుంది. డీడీరెస్క్యూ ఫోర్స్ ఆప్షన్ అడిగిందా, అక్కడే ఆగు. నువ్వు రాయబోతున్నది ఫైలులోకి కాదు, ఏదో డిస్క్ మీదకి. చాలాసార్లు కమాండ్‌లో డిస్క్ పేర్లు తారుమారై ఉంటాయి.

ఆ తర్వాత పనంతా ఇమేజ్ మీదే. పార్టిషన్ (డిస్క్‌లోని విభాగం) పోతే టెస్ట్‌డిస్క్ వాడు. ఫైల్ సిస్టమే చితికిపోతే ఫోటోరెక్, దాంతో ఫైళ్లు వస్తాయి కానీ పాత పేర్లూ ఫోల్డర్లూ రావు. డిస్క్ బాగానే ఉండి విండోస్ మాత్రమే చెడితే ఇదంతా అక్కర్లేదు, రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే) మౌంట్ చేసి, అంటే సిస్టమ్‌కి తగిలించి కాపీ చేసుకో. ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలో ఉండిపోయిన పార్టిషన్‌లోకి రాయడం ప్రమాదం.

ఎస్ఎస్‌డీలో డిలీటైనవాటి మీద పెద్దగా ఆశ పెట్టుకోకు నాన్నా. ట్రిమ్ అనే ఆదేశం ఆ బ్లాకుల్ని త్వరగానే ఖాళీ చేయించేస్తుంది. వెంటనే పవర్ తీస్తే కొంత మిగలొచ్చు.

ఏడాదికోసారి ఐఎస్ఓలు కొత్తవి పెట్టు, కొత్త మెషీన్ కొన్నప్పుడు కూడా. పాత ఐఎస్ఓలోని కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే సిస్టమ్ గుండె) కొత్త హార్డ్‌వేర్‌ని గుర్తించకపోవచ్చు. మార్చిన ప్రతిసారీ బూట్ చేసి, ఎల్‌ఎస్‌బ్లాక్‌లో డిస్క్ కనిపించేదాకా చూసి అప్పుడు డ్రాయర్‌లో పెట్టు.

ఇట్లు,
మీ బాబాయి