ఉబుంటు ఉన్న కంప్యూటర్‌లోనే డెబియన్‌ను కూడా పెట్టుకోవచ్చా?

నిశ్చింతగా పెట్టుకోవచ్చు, రెండూ లినక్స్ ఆపరేటింగ్ వ్యవస్థలే. నడుస్తున్న వ్యవస్థ తన రూట్ విభాగాన్ని (డిస్క్‌లో తాను ఉన్న ప్రధాన భాగాన్ని) సాధారణంగా తానే కుదించుకోలేదు కాబట్టి, ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాక, లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి, డిస్క్ విభాగాలను మార్చే జీపార్టెడ్‌ ప్రోగ్రామ్‌లో ఉబుంటు విభాగాన్ని తగ్గించి, డెబియన్‌కు 30 జీబీ అయినా ఖాళీ చేయండి. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో విభాగాలను మనమే ఎంచుకునే మాన్యువల్ పద్ధతిని తీసుకొని, ఇప్పటికే ఉన్న ఈఎఫ్ఐ విభాగాన్నే (కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే చిన్న భాగం) వాడండి, కానీ దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఫార్మాట్ చేయకండి. ఉబుంటు బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి, డెబియన్‌వి పక్కనే మరో ఫోల్డర్‌లో చేరతాయి. రెండింటికీ ఒకే హోమ్ ఫోల్డర్ (మీ ఫైళ్లు, సెట్టింగులు ఉండే చోటు) వద్దని నా గట్టి సలహా, ఎందుకంటే వేర్వేరు వెర్షన్ల సెట్టింగులు కలిసిపోయి డెస్క్‌టాప్ పాడవ్వచ్చు. తీరా కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే మెనూలో ఉబుంటు కనిపించకపోతే కంగారుపడకండి: ఆ మెనూ చూపే ప్రోగ్రామ్ గ్రబ్‌లో, 2021లో వచ్చిన 2.06 వెర్షన్ నుంచి, ఇతర వ్యవస్థలను వెతికే ఓఎస్-ప్రోబర్ సాధారణంగా ఆపివేసి ఉంటుంది. గ్రబ్ సెట్టింగుల ఫైలులో దాన్ని అనుమతించి, మెనూను తిరిగి తయారుచేసే అప్‌డేట్-గ్రబ్ కమాండ్‌ను రూట్ (నిర్వాహక) హక్కులతో నడపండి.