గల్లాలో డబ్బంతా మీది కాదు

అల్లుడూ,

నువ్వూ తమ్ముడూ కలిసి డిస్కౌంట్ సూపర్‌మార్కెట్ పెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. మా పిల్లలు ఇంతవాళ్లయ్యారా అని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక గుండెదడ పట్టుకుంది.

ట్రేడ్ లైసెన్సు, తిండి సరుకులమ్మడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి, జీఎస్టీ, కాటాకు ముద్ర: ఆడిటర్‌కి అప్పగించు. పాత సరుకు ముందుకి, కొత్తది వెనక్కి: పనివాళ్లకి మొదటిరోజే నేర్పించు.

నా భయమంతా అప్పు సరుకు గురించే. రోజుకి లక్ష అమ్మారనుకో. డిస్కౌంట్ పోను మిగిలేది 10 శాతం, అంటే 10,000. అద్దె, కరెంటు, జీతాలకి 7,000 పోతే మీది 3,000. తక్కిన 90,000 డిస్ట్రిబ్యూటర్లది. వాళ్లు సరుకిచ్చేది 15 రోజుల అప్పు మీద కాబట్టి ఏ రోజు చూసినా బాకీ 13.5 లక్షలుంటుంది. తెచ్చిన సరుకు 10 రోజుల్లో అమ్ముడైపోతే అరల్లో 9 లక్షల సరుకు, బ్యాంకులో 4.5 లక్షలు. అది చూసి మురిసిపోయి రెండో బ్రాంచికి అడ్వాన్సు కట్టేస్తారు. తర్వాత 15 రోజులు అమ్మకం 70,000కి పడిందా, వచ్చేది 10.5 లక్షలు, ఖర్చులు 1.05 లక్షలు, కట్టాల్సిన బిల్లులు 13.5. నాలుగు లక్షల పైన లోటు. డిస్ట్రిబ్యూటర్ నూనె ఆపేస్తాడు. నూనె కోసం పక్క కొట్టుకెళ్లినవాడు కందిపప్పూ అక్కడే కొంటాడు. అమ్మకం ఇంకా పడుతుంది.

చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష అనే డిస్కౌంట్ కొట్ల కంపెనీ 1,600 దుకాణాల దాకా పెరిగి, చేతిలో డబ్బాడక 2009కల్లా మూతపడింది. జీతాలు ఆగాయి, అరలు ఖాళీ అయ్యాయి. 2002లో ముంబైలోని పవాయిలో మొదటి దుకాణం తెరిచిన డీమార్ట్ నెమ్మదిగా పెరిగింది. చాలాచోట్ల సొంత భవనాలు, సరుకిచ్చినవాళ్లకి త్వరగా చెల్లింపు. త్వరగా కట్టేవాడికి రేటు తగ్గిస్తారురా, మీ డిస్కౌంట్ పుట్టాల్సింది అక్కడ.

ప్యాకింగ్ దగ్గర నువ్వే నిలబడు. 50 కిలోల బస్తాకి అరకిలో పొట్లాలు 100 రావాలి. ఒక్కోదాంట్లో 5 గ్రాములు ఎక్కువ పడితే అరకిలో పోయినట్టే. ఒక శాతం! మీకు మిగిలే పదిలో ఒకటి చేతి విసురుకే పోతుంది. కింద రాలింది వేరే. తక్కువ తూచావో, తూనికలవాళ్లు వచ్చేలోపు నేనే వస్తాను.

ఇక అన్నదమ్ముల సంగతి. జర్మనీలో ఎసెన్ ఊళ్లో అమ్మ నడిపిన కొట్టుని 1946లో అందుకుని ఆల్డీ అనే డిస్కౌంట్ దుకాణాల సంస్థగా పెంచిన కార్ల్, థియో అల్బ్రెక్ట్ సొంత అన్నదమ్ములు. 1960 ప్రాంతంలో సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న దగ్గర తేడా వచ్చి విడిపోయారని చెబుతారు. దొంగతనాలు పెరుగుతాయని కార్ల్ భయం. ఉత్తరం ఒకరికి, దక్షిణం ఒకరికి. వాళ్లు శుభ్రంగా పంచుకున్నారు. అందరికీ అలా కుదరదు నాయనా.

అందుకని కొనేదెవరు, గల్లా ఎవరిది, ఇంటికి నెలకెంత తీసుకోవాలి, విడిపోతే సరుక్కి వెల ఎవరు కట్టాలి, అన్నీ ఇప్పుడే కాగితం మీద పెట్టండి. ఇంటికి అరకిలో పంచదార తీసుకెళ్లినా బిల్లు కొట్టాలి, మీ అమ్మకైనా సరే. దానికి కోపమొస్తే నేను సర్దిచెబుతాలే.

దసరాకి తెరుస్తారట. పండగ అమ్మకం చూసి రెండో బ్రాంచి మాట ఎత్తకండి. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి లెక్కలు నాకు పంపించు, అప్పుడు మాట్లాడుకుందాం.

మీ మామయ్య