మోకాళ్ల అరుగుదలకు గ్లూకోసమైన్, పసుపు, చేప నూనె: ఏది, ఎంత, ఎన్నాళ్లు?

మీ అమ్మగారికి 62 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి, బీపీ, షుగర్ ఉన్నాయి, రోజూ ఎకోస్ప్రిన్ 75 (రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్ మాత్ర) వేసుకుంటారు, మెడికల్ షాపులో ఇచ్చిన జాయింట్ క్యాప్సూల్స్ వాడొచ్చా అని అడిగారు. ముందు ఆ డబ్బా వెనక్కి తిప్పి ఏ దినుసు ఎన్ని మి.గ్రా. ఉందో చదవండి. ఒకే క్యాప్సూల్‌లో పది దినుసులు కుక్కితే ఏదీ పనిచేసేంత మోతాదులో ఉండదు. గుణం కనిపించినా, కడుపు పాడైనా, దేనివల్లో తేలదు. ఒకే దినుసు ఉన్నది కొనండి, ఒకసారికి ఒకటే మొదలుపెట్టండి.

కీళ్ల గుజ్జులో సహజంగా ఉండే పదార్థమైన గ్లూకోసమైన్ మోతాదు రోజుకు 1500 మి.గ్రా. 2006లో అమెరికాలో 1583 మందిపై జరిగిన అధ్యయనంలో హైడ్రోక్లోరైడ్ రకం గ్లూకోసమైన్ మొత్తమ్మీద మందేమీ లేని ఉత్తుత్తి మాత్రను మించలేదు. యూరప్‌లో సల్ఫేట్ రకంపై జరిగిన కొన్ని అధ్యయనాల్లో కొంత ఫలితం కనిపించింది. వాడాలనుకుంటే సల్ఫేటే చూడండి. అందులో నిలవకోసం సోడియం క్లోరైడో, పొటాషియం క్లోరైడో కలుపుతారు కాబట్టి బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌కి చూపించాలి. ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచే తీస్తారు. అవి పడనివాళ్లకు ఇది వద్దు. అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లయితే డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు.

పసుపు విషయంలో లెక్క చూడండి. వంట పసుపులో పనిచేసే పదార్థమైన కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లు ఉంటుందనుకుంటే, 3 గ్రాముల చెంచాడులో వచ్చేది 90 మి.గ్రా. థాయిలాండ్‌లో 2014లో వచ్చిన అధ్యయనంలో రోజుకు 1500 మి.గ్రా. పసుపు సారం, 1200 మి.గ్రా. ఇబుప్రొఫెన్ అనే నొప్పి మాత్రకి దాదాపు సమానంగా నొప్పి తగ్గించింది. పసుపు పాలతో అంత మోతాదు అందదు. ఒంటికి బాగా పట్టాలని క్యాప్సూల్స్‌లో మిరియాల సారం కలుపుతారు. అది వేరే మందుల మోతాదునూ రక్తంలో పెంచగలదు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపాలి. పిత్తాశయంలో రాళ్లున్నా, ఎకోస్ప్రిన్ వాడుతున్నా డాక్టర్‌తో మాట్లాడే మొదలుపెట్టాలి.

శల్లకి అనే చెట్టు బంక నుంచి తీసిన సారంపై విజయవాడ లైలా సంస్థ చేసిన 2008 అధ్యయనంలో 75 మందిలో కొందరికి 90 రోజులు రోజుకు 100 లేదా 250 మి.గ్రా., మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, సారం తీసుకున్నవాళ్లకు నొప్పి తగ్గింది. తయారీదారే చేసింది, మనుషులూ తక్కువే. ఆశ పెట్టుకోండి గానీ పూచీ అనుకోకండి.

చేప నూనె ప్రయోజనం రుమటాయిడ్ కీళ్లవాతంలో (ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్లపై దాడి చేసే జబ్బు) కనిపించింది, అరుగుదలలో కాదు. దానికీ చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ, డీహెచ్ఏ కలిపి రోజుకు సుమారు 2.7 గ్రాములు కావాలి. మామూలు 1000 మి.గ్రా. క్యాప్సూల్‌లో ఆ రెండూ కలిపి 300 మాత్రమే, అంటే తొమ్మిది మింగాలి! మీ అమ్మగారికి ఇది అక్కర్లేదు. విటమిన్ డి రక్తపరీక్షలో తక్కువుంటేనే. వారానికొకటి అని రాసిన 60,000 యూనిట్ల సాచెట్‌ని పొరపాటున రోజూ తాగితే కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఏది వాడినా మొదలుపెట్టే ముందు వారం, మెట్లెక్కేటప్పుడు నొప్పి పదికి ఎంతో రాసుకోండి. తర్వాత వారానికోసారి. మూడు నెలల్లో కనీసం రెండు పాయింట్లు తగ్గకపోతే ఆపేయండి, ఆ డబ్బు పైన రాసుకునే నొప్పి మందైన డైక్లోఫెనాక్ జెల్‌కి పెట్టడం మేలు. దాంతోపాటు కుర్చీలో కూర్చుని కాలు నేరుగా చాపి ఐదు సెకన్లు బిగపట్టడం, ఒక్కో కాలికి పదిసార్లు, పూటకోసారి. తొడ కండ బలపడితేనే మోకాలి మీద భారం తగ్గుతుంది.

ఒక్కటి మాత్రం అస్సలు వద్దు: లేబుల్ లేని పొట్లాల మందు. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు అమాంతం పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది. ఇప్పటికే నెలల తరబడి తిని ఉంటే మాత్రం ఒక్కసారిగా మానకండి, ఆ పొట్లం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.