సముద్రం ఏ గంటకు చూడాలి?

ప్రశ్న: బీయస్సీ రెండో సంవత్సరం జువాలజీ విద్యార్థినిని. తీరంలోని జీవులను చూపించడానికి వచ్చే నెల మమ్మల్ని విశాఖపట్నం తీసుకువెళుతున్నారు. నేను ఇంతవరకు సముద్రమే చూడలేదు. అక్కడ ఏం చూడాలి? కళాశాల మ్యూజియానికి నమూనాలు ఎలా తేవాలి?
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: అమ్మా, తీరానికి ఏ గంటకు వెళుతున్నారో ముందు మీ మాస్టారిని అడగండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ముప్పై మంది పిల్లలను రాత్రంతా బస్సులో తీసుకువెళ్ళి, టిఫిన్లు ముగించి పది గంటలకు తీరం చేరాను. అప్పటికి సముద్రం పోటు మీద ఉంది. రాళ్ళన్నీ నీళ్ళ కింద. పిల్లలు అలలు చూసి తిరిగి వచ్చారు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నీళ్ళు రోజుకు రెండుసార్లు వెనక్కి తగ్గుతాయి. ఆ వేళ మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి ఎక్కువ దూరం తగ్గుతాయి, అష్టమి నాటికి తక్కువ. సర్వే ఆఫ్ ఇండియా ఆటుపోట్ల పట్టికలో వేళ చూసుకుని, గంట ముందే తెన్నేటి పార్కు కింది రాళ్ళ దగ్గర ఉండండి. నీళ్ళు ఎక్కడం మొదలవగానే పైకి వచ్చేయండి.

అంతా తిరగాలని చూడకండి. రాళ్ళ మధ్య ఒక్క నీటి గుంట ఎంచుకుని అరగంట కదలకుండా కూర్చోండి. రాతికి అతుక్కున్న తెల్లటి గుల్లలు బార్నకిల్స్. చూపుకు నత్తల్లా ఉన్నా అవి రొయ్యలకు, పీతలకు చుట్టాలు. నీళ్ళు తగలగానే మూత తెరిచి, ఈకల్లాంటి కాళ్ళతో ఆహారం పట్టుకుంటాయి. డార్విన్ వీటి మీద 1846 నుంచి ఎనిమిదేళ్ళు పనిచేశాడు. మీరు అరగంట ఇవ్వలేరా?

నమూనాలు మాత్రం తేవద్దు. సముద్ర దోసకాయలనే మెత్తటి జీవులను, పగడాలను పట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఫార్మలిన్ అనే నిల్వ మందు పోసిన సీసాల్లో రంగు వెలిసి, చీటీ చెరిగిపోయిన జీవులను ముప్పై ఏళ్ళు చూశాను, వాటి నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. నోటుపుస్తకం, స్కేలు, ఫోను చాలు. రాయి ఎత్తితే ఎలా ఉన్నది అలాగే పెట్టండి, లేకపోతే అడుగున ఉన్నవి ఎండకు చస్తాయి. శంకువు ఆకారపు నత్తలను తాకవద్దు, విషపు ముల్లు ఉంటుంది.

ఇంకొక మాట. బయలుదేరే ముందు ఒక ఆదివారం మీ జిల్లాలోని వేంపల్లె వైపు వెళ్ళిరండి. అక్కడి రాళ్ళలో ఉల్లి పొరల్లాంటి గీతలు కనిపిస్తాయి. దాదాపు 200 కోట్ల ఏళ్ళ కిందట అక్కడున్న లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన స్ట్రొమటోలైట్లు అవి. మీ నోటుపుస్తకంలో మొదటి బొమ్మ వాటిదే వేయండి.