హైస్కూల్లో ఒకేషనల్ క్రెడిట్లు: డిగ్రీలో నిలిచేవెన్ని?

ప్రశ్న: మేము హెచ్1బీ వీసా మీద వచ్చి డాలస్ ఉత్తర శివారులో ఉంటున్నాం. మా అమ్మాయి పదో గ్రేడ్‌లో ఉంది. వచ్చే ఏడాది నుంచి స్కూల్లో సైబర్ సెక్యూరిటీ ఒకేషనల్ ప్రోగ్రామ్‌లో చేరితే ట్వెల్త్ అయ్యేసరికి కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు 15 వస్తాయని, టీఎస్ఐ పరీక్ష కూడా రాయనక్కర్లేదని అంటున్నారు. అమ్మాయికి కంప్యూటర్ సైన్స్‌లో బ్యాచిలర్ డిగ్రీ చేయాలని ఉంది. ఇండియాలో మా పెద్దవాళ్లేమో ఒకేషనల్ అనగానే వద్దంటున్నారు. ఈ క్రెడిట్లు నిజంగా పనికొస్తాయా?

జవాబు: ఆ 15 క్రెడిట్లూ అచ్చమైన కాలేజీ క్రెడిట్లే, స్కూలు వారు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కాకపోతే అవి మీ అమ్మాయి చేయదలచుకున్న డిగ్రీ లెక్కలోకి వస్తాయా, లేక ట్రాన్‌స్క్రిప్ట్ మీద అంకెగా మిగిలిపోతాయా అన్నది వేరే ప్రశ్న. మీరు స్కూల్లో అడగవలసింది ఆ రెండో ప్రశ్న.

ముందుగా పెద్దవాళ్ల భయం సంగతి. మన దగ్గర ఇంటర్మీడియట్ ఒకేషనల్ అంటే ఎంపీసీ, బైపీసీలో సీటు దొరకని వారి దారి అన్న పేరు పడిపోయింది. ఆ విద్యార్థి తరువాత ఇంజనీరింగ్ వైపు రావాలంటే బ్రిడ్జి కోర్సు రాయవలసి రావడంతో ఆ పేరు మరింత గట్టిపడింది. అమెరికాలో సీటీఈ (కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్) అని పిలిచే ఈ చదువుకు 1984 నాటి పెర్కిన్స్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ నిధులు అందుతున్నాయి; 2006లోనూ 2018లోనూ ఆ చట్టాన్ని పునరుద్ధరించినప్పుడు, స్కూలు చదువును కాలేజీ చదువుతో కలపడం మీద శ్రద్ధ పెట్టారు. కాల్‌క్యులస్ చదివే పిల్లలే మధ్యాహ్నం నెట్‌వర్కింగ్ ల్యాబ్‌లో కూర్చోవడం ఇక్కడ వింత కాదు. కాబట్టి యూనివర్సిటీ వారు చిన్నచూపు చూస్తారన్న దిగులు అక్కర్లేదు. అయితే బ్రిడ్జి కోర్సు సమస్య మాత్రం ఇక్కడా ఉంది, వేరే వేషంలో.

టెక్సాస్ ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో కోర్సులు రెండు జాబితాల్లో ఉంటాయి. ఒకటి అకడమిక్ కోర్సుల జాబితా, దాన్ని ఏసీజీఎం అంటారు. రెండోది ఉద్యోగ నైపుణ్యాల కోర్సులది, అది డబ్ల్యూఈసీఎం. మొదటి జాబితాలోని కోర్సులు రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలకు బదిలీ అయ్యే ఉద్దేశంతో రూపొందినవి. రెండో జాబితాలోనివి సర్టిఫికెట్‌కో రెండేళ్ల అప్లైడ్ సైన్స్ డిగ్రీకో తీసుకువెళ్తాయి. సాధారణ బ్యాచిలర్ డిగ్రీలో అవి చాలాసార్లు లెక్కకు రావు. ఏది ఏ జాబితాలోదో కోర్సు కోడ్ చూస్తే తెలిసిపోతుంది. సీఓఎస్‌సీ 1436 అంటే ప్రోగ్రామింగ్ ఫండమెంటల్స్, అకడమిక్ కోర్సు. ఐటీఎస్‌వై 1300 అంటే ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ మౌలికాంశాలు, ఉద్యోగ నైపుణ్యాల కోర్సు. అంకెల్లో మొదటిది కోర్సు ఏ ఏడాది స్థాయిదో చెబుతుంది, రెండోది క్రెడిట్ల సంఖ్య. అంటే 1436లో 4 క్రెడిట్లు, 1300లో 3. స్కూలు ఇచ్చిన రంగురంగుల బ్రోచర్‌లో ఈ కోడ్‌లు ఉండకపోవచ్చు, అడిగి తీసుకోండి.

టీఎస్ఐ అక్కర్లేదన్న మాటలోనే ఒక ఆచూకీ ఉంది. టీఎస్ఐ అంటే విద్యార్థి కాలేజీ స్థాయి చదువుకు సిద్ధంగా ఉన్నదీ లేనిదీ చూసే పరీక్ష. లెవెల్ వన్ సర్టిఫికెట్ ప్రోగ్రాముల్లో చేరేవారికి దాని నుంచి మినహాయింపు ఉంది, ఆ సర్టిఫికెట్‌కు కావలసిన కనీస క్రెడిట్లు 15. మీకు చెప్పినవీ 15, పరీక్షా లేదు. అందువల్ల ఇవి చాలావరకు రెండో జాబితా కోర్సులే అయి ఉంటాయని నా అంచనా.

కొన్నేళ్ల క్రితం ఒక తల్లిదండ్రులు 30 క్రెడిట్లున్న అబ్బాయి ట్రాన్‌స్క్రిప్ట్ తెచ్చి, డిగ్రీ మూడేళ్లలో అయిపోతుంది కదా అని నన్నడిగారు. యూనివర్సిటీ మదింపు చేసి పంపిన కాగితంలో ఇంగ్లిష్, చరిత్ర, గవర్నమెంట్ కోర్సుల 9 క్రెడిట్లు డిగ్రీ అవసరాల ఎదుట కూర్చున్నాయి. మిగిలిన 21 క్రెడిట్ల పక్కన డిగ్రీకి వర్తించవు అని ఉంది. అబ్బాయి నేర్చుకున్నది వృథా కాలేదు, మొదటి ఏడాదిలోనే క్యాంపస్ ఐటీ విభాగంలో పని దొరికింది కూడా. కానీ ఆ కుటుంబం లెక్క వేసుకున్న ఏడాది ఫీజు మాత్రం మిగల్లేదు. మరోవైపు, ఇవే క్రెడిట్లను బాగా కలుపుకునే డిగ్రీలూ ఉన్నాయి. డెంటన్‌లోని నార్త్ టెక్సాస్ యూనివర్సిటీ ఇచ్చే అప్లైడ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ బ్యాచిలర్ డిగ్రీ అలాంటిది. మీ అమ్మాయి మనసు కంప్యూటర్ సైన్స్ మీద ఉంది కనుక ఆ దారిని ఇప్పుడే ఎంచుకొమ్మని నేను చెప్పను.

ఇంకొక తేడా కూడా కనుక్కోండి. డ్యూయల్ క్రెడిట్ (ఒకే కోర్సు హైస్కూలు లెక్కలోనూ కాలేజీ లెక్కలోనూ పడడం) అయితే సెమిస్టర్ ముగియగానే క్రెడిట్ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ మీదకు ఎక్కుతుంది. ఆర్టిక్యులేటెడ్ క్రెడిట్ అయితే పాఠం హైస్కూలుది, క్రెడిట్ వాగ్దానం మాత్రమే. అమ్మాయి తరువాత ఫలానా కాలేజీలోనే చేరి, వారడిగిన గ్రేడ్ చూపిస్తేనే అది చేతికొస్తుంది. నేరుగా యూనివర్సిటీకి వెళ్లే పిల్లలకు ఈ రెండో రకం దాదాపు ఎప్పుడూ అక్కరకు రాదు.

డ్యూయల్ క్రెడిట్‌లో వచ్చే గ్రేడ్ శాశ్వతం. పదహారేళ్ల వయసులో తెచ్చుకున్న సీ గ్రేడ్, మధ్యలో మానేస్తే పడే డబ్ల్యూ, రేపు మాస్టర్స్‌కు దరఖాస్తు చేసేటప్పుడు కూడా వెంట వస్తాయి. పైగా ఆ కాలేజీ రికార్డుల మీద హక్కులు, పద్దెనిమిది నిండకపోయినా, విద్యార్థివే. మీరు ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి మార్కులు అడిగితే ఆయన చెప్పరు. (మన నాన్నలకు ఇది కాస్త కష్టమైన విషయమే.)

మీ వీసా సంగతి స్కూలు కౌన్సెలర్‌కు తట్టకపోవచ్చు కాబట్టి నేనే చెబుతున్నాను. ఇలాంటి ప్రోగ్రాముల్లో చివరి ఏడాది ప్రాక్టికమ్ పేరుతో కంపెనీలో పని ఉండవచ్చు, కొన్నిచోట్ల దానికి జీతం ఇస్తారు. హెచ్4 (హెచ్1బీ వారి కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు పని చేసే అనుమతి లేదు. హెచ్4 ఈఏడీ (పని అనుమతి పత్రం) కొందరు జీవిత భాగస్వాములకు ఇచ్చేది, పిల్లలకు కాదు. జీతం లేదన్నంత మాత్రాన ప్రతి పనీ చేయవచ్చని కూడా అనుకోవద్దు. ప్రాక్టికమ్‌కు బదులు క్లాసులోనే చేసే ప్రాజెక్టు కోర్సు ఉందేమో అడగండి, సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయరును సంప్రదించండి. ఇరవై ఒకటి నిండి హెచ్4 పోయేలోగా డిగ్రీ ముగించాలన్న తొందర ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలా చూస్తున్నాను. ఆ తొందరలో ఉన్నవారికి కావలసింది క్రెడిట్ల సంఖ్య కాదు, డిగ్రీలో నిలిచే క్రెడిట్లు.

ఇక మీ అమ్మాయి విషయంలో నా సలహా. సైబర్ సెక్యూరిటీ ప్రోగ్రామ్ తీసుకోనివ్వండి, ఆసక్తి ఉన్న పిల్లకు ఆ ల్యాబ్ విలువైనదే. కానీ దాని కోసం కాల్‌క్యులస్‌ను గాని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కంప్యూటర్ సైన్స్‌ను గాని వదులుకోవలసి వస్తే మాత్రం వద్దు. టీఎస్ఐ అక్కర్లేదన్నా రాయించండి. అందులో నెగ్గితే పదకొండులో ఇంగ్లిష్ 1301, 1302, పన్నెండులో గవర్నమెంట్ 2305 వంటి అకడమిక్ కోర్సులు డ్యూయల్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటిలో 42 క్రెడిట్ల కోర్ పాఠ్యాంశాలు ఉంటాయి, ఇవి ఆ లెక్కలో పడతాయి. రాష్ట్రం దాటి ప్రైవేటు యూనివర్సిటీలకు వెళ్లే ఆలోచన ఉంటే, హైస్కూలు పూర్తి చేయడానికి వాడుకున్న కోర్సులకు మళ్లీ క్రెడిట్ ఇవ్వనివి వాటిలో చాలా ఉన్నాయని గుర్తుంచుకోండి.

వచ్చే ఏడాది కోర్సుల ఎంపిక ఫారం మీద సంతకం పెట్టే ముందు, స్కూలు నుంచి కోర్సు కోడ్‌ల జాబితా తీసుకుని, మీ అమ్మాయికి నచ్చిన రెండు మూడు యూనివర్సిటీల కంప్యూటర్ సైన్స్ విభాగాలకు ఆమె చేతనే ఈమెయిల్ రాయించండి. ‘ఈ కోర్సులను తీసుకుంటారా’ అని అడిగితే తీసుకుంటామనే జవాబు వస్తుంది; ‘డిగ్రీ ప్లాన్‌లో ఏ కోర్సుకు బదులుగా తీసుకుంటారు’ అని అడగమనండి.